ఒకటే పిస్టల్, ఇద్దరి కళ్లు

ప్రశ్న: హన్మకొండ నుంచి రాసిన ఈ పాఠకుడికి 53 ఏళ్లు. సర్కారు బడిలో లెక్కల సారు. 13 ఏళ్ల బిడ్డ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు గెలవడం టీవీలో చూసి, పిస్టల్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. రేంజ్‌కు తోడు పోయి బెంచీ మీద ఖాళీగా కూర్చోవడం ఎందుకని ఈయనా మొదలుపెట్టారు. ఇద్దరూ కలిసి వాడుకుందామని 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అక్కడి నుంచి తిప్పలు మొదలయ్యాయి. దూరం చూసే అద్దాలు పెట్టుకుంటే టార్గెట్ కనిపిస్తుంది కానీ ముందు సైట్, అంటే గొట్టం కొసన గురి చూసే పలక, మసక. చదివే అద్దాలు పెట్టుకుంటే వెనక సైట్‌లోని గాడి తళతళలాడుతుంది, ముందు సైట్ మాత్రం తేలదు, టార్గెట్ బూడిద రంగు మచ్చ అవుతుంది. బైఫోకల్‌తో కొడితే అరగంటకే మెడ పట్టేస్తోంది. ఆరేళ్లుగా షుగర్ ఉంది.

బిడ్డ సంగతి వేరే. ఎడమ కన్ను మూసి కొడుతుంది, గుండ్లన్నీ ఎడమకు పోతాయి. నల్ల సైట్ వద్దట, స్నేహితురాలి పిస్టల్‌కు ఉన్నట్టు పచ్చ చుక్కల సైట్ కావాలట. దుకాణపాయన రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క వెలిగే సైట్) పెట్టుకుంటే ఇద్దరి సమస్యా తీరుతుందన్నాడు. రేంజ్‌లో ఒక సీనియర్ ఎవరి పిస్టల్ వాళ్లు కొనుక్కోమన్నాడు. ఇంట్లో రోజూ ఒకటే పంచాయితీ: "బాపూ, నా సైట్ నువ్వే తిప్పినవ్" అని బిడ్డ, "అది సైట్ తప్పు కాదు, నీ చెయ్యి తప్పు" అని ఈయన. మధ్యలో ఇంటామె: "పిల్లకంటే సరే, ఈ వయసుల నీకెందుకు ఈ తుపాకులు? పోలీసులొస్తే?" తనకు ఏ సైట్ పనికొస్తుంది, బిడ్డకు ఏది, ఒక పిస్టల్‌తో ఇద్దరికీ సాగుతుందా, లేక తానే మానుకోవాలా అని అడిగారు.

జవాబు: సారూ, ఉత్తరమంతా సైట్ గురించే రాశారు. కళ్ల పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారో ఒక్క ముక్క లేదు. మీ సమస్యలో ముప్పాతిక అక్కడే ఉంది. పిస్టల్‌కు ఏది బిగించినా 53 ఏళ్ల కన్ను 53 ఏళ్ల కన్నే. బిడ్డ సమస్య మాత్రం కంటిది కాదు, అలవాటుది. రెంటికీ ఒకే మందు వెతకడం వల్లే దుకాణపాయన మాట తీయగా వినిపించింది.

మీరు లెక్కల సారు కాబట్టి లెక్కతోనే చెబుతాను. చెయ్యి చాచి పట్టుకుంటే మీ కంటి నుంచి వెనక గాడి సుమారు 63 సెంటీమీటర్లు, ముందు సైట్ 95 సెంటీమీటర్లు, టార్గెట్ 10 మీటర్లు అనుకుందాం. దూరాన్ని మీటర్లలో రాసి 1ని దానితో భాగిస్తే, ఆ దూరం తేటగా కనిపించడానికి కావలసిన పవర్ వస్తుంది. టార్గెట్‌కు 0.1, ముందు సైట్‌కు 1.05, గాడికి దాదాపు 1.6. మీ బిడ్డ కంటిలోని కటకం ఈ మూడింటి మధ్య రెప్పపాటులో మారుతుంది. మీది ఇప్పుడు అంతగా కదలదు. చదివే అద్దం +2.00 అయితే అది అర మీటరు దగ్గర తేటగా చూపిస్తుంది. అందుకే దానికి దగ్గరలో ఉన్న గాడి తళతళలాడింది, ఆ పైనున్నదంతా మసకబారింది. బైఫోకల్‌లో దగ్గర చూపు కింది ముక్కలో ఉంటుంది కాబట్టి అందులోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి. మెడనొప్పి అక్కడిదే. ప్రోగ్రెసివ్ అద్దాలూ ఈ పనికి అంతంత మాత్రమే. మధ్య దూరం చూపే దారి అందులో సన్నగా ఉంటుంది, తల కాస్త కదిలితే చూపు దాటిపోతుంది.

మరి మూడింటిలో ఏది తేటగా ఉండాలి? ముందు సైట్. ఇది కూడా లెక్కే. రెండు సైట్ల మధ్య దూరం 32 సెంటీమీటర్లు అనుకోండి. గాడిలో ముందు సైట్ అర మిల్లీమీటరు పక్కకు జరిగితే 10 మీటర్ల దగ్గర అది 15 మిల్లీమీటర్లకు పైగా తప్పవుతుంది. టార్గెట్ మీద ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య 8 మిల్లీమీటర్లే, అంటే దాదాపు రెండు పాయింట్లు పోయినట్టు. అదే సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి, చెయ్యి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు ఊగితే గుండు కూడా ఆ 5 మిల్లీమీటర్లే పక్కకు పోతుంది. అందుకే టార్గెట్ బూడిద మచ్చలా కనిపించినా ఫర్వాలేదు, ముందు సైట్ అంచు మాత్రం బ్లేడుతో కోసినట్టుండాలి. మీరు ఇన్నాళ్లూ టార్గెట్ మసకేసిందని బాధపడ్డారు. అది మసకేయడం తప్పు కాదు, పూర్తిగా మాయమవడమే తప్పు.

ముందు షుగర్ అదుపులో ఉందో చూసుకోండి. షుగర్ ఎక్కువ తక్కువలవుతుంటే అద్దం పవర్ కూడా వారానికోలా మారుతుంది. అలాంటప్పుడు రాయించుకున్న అద్దం నెలకే దండగవుతుంది. అట్టముక్కకు సూదితో చిన్న బెజ్జం పొడిచి, దూరం చూసే అద్దాలతో అందులోంచి ఇంట్లో క్యాలెండర్ అంకెలు చూడండి. తేటపడితే అది పవర్ తేడా, అద్దంతో పోతుంది. తేటపడకపోతే, లేదా రాత్రిపూట బండి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తుంటే, సైట్ ముచ్చట పక్కనబెట్టి కంటి డాక్టరు దగ్గరికి పోండి. శుక్లం కావచ్చు, షుగర్ వల్ల కంటి వెనక తెరకు వచ్చే ఇబ్బంది కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి ఎటూ ఆ పరీక్ష చేయించుకోవాల్సిందే.

అద్దాల దుకాణానికి పిస్టల్ తీసుకుపోకండి, అక్కడ దానితో పని లేదు. రేంజ్‌లో, పిస్టల్ ఖాళీగా ఉండి, లోపల గుండు లేదని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉండగా, మామూలుగా కొట్టే భంగిమలో నిలబడండి. కంటి నుంచి ముందు సైట్ వరకు ఎంతుందో బిడ్డతో టేపు పెట్టించండి. దుకాణంలో ఒక నల్ల పెన్ను మూతను సరిగ్గా ఆ దూరంలో నిలబెట్టించండి. అద్దాలు మార్చి చూసే ట్రయల్ ఫ్రేములో మొదట మీ దూరం పవర్ వేయించుకుని, దాని మీద +0.50 కలిపి మూత అంచు చూడండి. తర్వాత +0.75, ఆ పైన +1.00. మూత అంచు పదునుగా కనిపించే వాటిలో అన్నిటికంటే తక్కువదే తీసుకోండి. చాలామందికి +0.50, +0.75 మధ్యలో కుదురుతుంది. ముందు సైట్‌కు 1.05 కావాలి కదా, అంతా వేస్తే ఏమంటారా? సైట్ ఇంకాస్త తేటపడుతుంది కానీ టార్గెట్ మీది నల్ల గుండ్రం అంచు కరిగిపోతుంది, దాని కింద ఎంత తెల్ల సందు వదిలారో తెలియదు.

అద్దం దేనిలో వేయించాలి అన్నదానికి రెండు దారులు. పాత ఫ్రేములో కుడి అద్దం ఒక్కటే మార్పించుకోవడం చవక. కానీ పిస్టల్ భంగిమలో ఒళ్లు పక్కకు తిరిగి ఉంటుంది, చూపు అద్దం నడిమి నుంచి కాక ఓ పక్క నుంచి పోతుంది. అక్కడ అంచులు వంగినట్టు కనిపిస్తాయి. దీనికి విరుగుడుగా ఆ ఫ్రేము పెట్టుకుని భంగిమలో నిలబడి, చూపు ఎక్కడి నుంచి పోతోందో స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టించండి. అద్దం కేంద్రం ఆ చుక్క దగ్గర వచ్చేలా చేయమనండి. రెండోది షూటింగ్ ఫ్రేము. ఒక్క గుండ్రటి అద్దాన్ని కంటికి ఎదురుగా నిటారుగా తిప్పుకోవచ్చు, ముందు ఐరిస్ బిగించుకోవచ్చు. ఐరిస్ అంటే మీరు అట్టకు పొడిచిన బెజ్జమే, చిన్నదీ పెద్దదీ చేసుకునే ఏర్పాటుతో. బెజ్జం చిన్నదైన కొద్దీ సైట్, టార్గెట్ రెండూ తేటపడతాయి, వెలుతురు తగ్గుతుంది. ట్యూబ్‌లైట్ల రేంజ్‌లో మరీ మూసేస్తే పది గుండ్లకే కన్ను అలిసిపోతుంది. పారిస్‌లో 51 ఏళ్ల తుర్కియే షూటర్ యూసుఫ్ దికేచ్ మామూలు కళ్లద్దాలతో, రెండు కళ్లూ తెరిచి కొట్టి మిక్స్‌డ్ టీమ్‌లో వెండి పతకం తెచ్చుకున్నాడు. ఆయన్ను చూసి వయసు అడ్డు కాదనుకోండి కానీ, మీ దూరం అద్దాలు చాలనుకోకండి.

కన్ను కుదిరాకే సైట్ దగ్గరికి రావాలి. మీరు వాడేది మ్యాచ్ పిస్టల్, అంటే పోటీల కోసం చేసింది కాబట్టి గాడి వెడల్పు స్క్రూతో మారుతుంది. ముందు సైట్ వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, గాడి 4 మిల్లీమీటర్లు అనుకుంటే, మీ చేతి పొడవుకు ముందు సైట్ రెండు పక్కలా కనిపించే తెల్ల సందు ఒక్కోటి ఆ సైట్ వెడల్పులో ఆరో వంతు. పడుచు కంటికి అది చాలు. మసక అంచులున్న కంటికి అంత సన్న సందు పూడిపోతుంది, ఎడమ సందు ఎక్కువో కుడిది ఎక్కువో పోల్చుకోలేరు. గాడిని 5 మిల్లీమీటర్లకు తెరిస్తే ఒక్కో సందు మూడో వంతు అవుతుంది. 6కు తెరిస్తే సగం. మీరు 5తో మొదలుపెట్టండి, సాయంత్రం వెలుతురు తగ్గాక కూడా రెండు సందులూ విడివిడిగా కనిపించేంత వరకు తెరుచుకుంటూ పోండి. ఎక్కువ తెరిస్తే గురి చెడుతుందని భయపెట్టేవాళ్లుంటారు. సన్న సందును సరిగ్గా చూడలేకపోవడం కంటే, వెడల్పు సందులను పోల్చి చూడడమే నయం.

గాడి మారని పిస్టల్ చేతికొస్తే ముందు సైట్‌నే సన్నది, 4 మిల్లీమీటర్లది, వేసుకోవచ్చు. ఆకురాయితో గాడి తోమే పని మాత్రం పెట్టుకోకండి. తోమింది తిరిగి రాదు, ఒక పక్క ఎక్కువ తోమితే ఇక దానికి మందు లేదు.

గురి పెట్టే చోటు కూడా మార్చి చూడండి. సైట్‌ను నల్ల గుండ్రానికి సరిగ్గా ఆనించి పెట్టే అలవాటుంటే, నల్ల మీద నల్ల కలిసిపోయి ముందు సైట్ పై అంచు ఎక్కడుందో తెలియదు. గుండ్రం కింద తెల్లటి పట్టీ వదిలి, ఆ తెల్లటి జాగాలోనే సైట్‌ను ఉంచి కొట్టండి. వెనక సైట్ ఆ మేరకు పైకి లేపితే గుండు నడిమికే పోతుంది. పట్టీ ఎంతో మిల్లీమీటర్లలో కొలిచే పని లేదు, ప్రతిసారీ ఒకేలా కనిపిస్తే చాలు.

ఇక బిడ్డ. పచ్చ చుక్కలు అడగడం తప్పు కాదు, నల్ల గుండ్రం మీద నల్ల సైట్ పెట్టి వెతుక్కునే ఏ పిల్లకైనా అదే అనిపిస్తుంది. కానీ ఆ చుక్క వెలుగు చుట్టూ పరుచుకుంటుంది, అంచు తెలియదు. మూడు చుక్కలు ఒక వరుసలో ఉన్నాయనిపించినా సైట్ల పై అంచులు సమంగా ఉండకపోవచ్చు. డబ్బాలు పడగొట్టే సరదాకు చుక్క మంచిదే. 11.5 మిల్లీమీటర్ల పది పాయింట్ల గుండ్రం కోసం పనికిరాదు. ఆమెకు కావలసింది ఇంకా నల్లటి సైట్. సైట్ లోహం అరిగి మెరుస్తుంటే పైనున్న ట్యూబ్‌లైటు దాని మీద పడి, మెరిసే వైపు సైట్ ఉన్నదానికంటే వేరేగా కనిపిస్తుంది. పూజగదిలో కర్పూరం ఉంది కదా. ముందు సైట్ పలకను స్క్రూ విప్పి బయటికి తీసి, పట్టకారుతో పట్టుకుని కర్పూరం మంట పైన, పొగలో ఆడిస్తే వెల్వెట్ లాంటి మసి పడుతుంది. వేలు తగిలితే పోతుంది, అంతే. ప్లాస్టిక్ పలకయితే ఈ పని చేయకండి. పిస్టల్‌ను, గాలి సిలిండర్‌ను మంట దరిదాపులకు తేకండి.

గుండ్లు ఎడమకు పోవడం గురించి తొందరపడి సైట్ తిప్పకండి. పది గుండ్లు కొట్టించి కాగితం చూడండి. పదీ ఎడమన ఒక్కచోట గుంపుగా పడితే అది సైట్ సంగతి, వెనక సైట్ కుడికి జరపాలి. గుండు ఎటు పోవాలో వెనక సైట్ అటే. ఎడమ కిందికి చెదిరి పడితే చేతి సంగతి: ట్రిగ్గర్‌తో పాటు పిడికిలి కూడా బిగుస్తోంది. అప్పుడు సైట్ తిప్పితే ఆమె బాగా కొట్టిన గుండు కుడికి పోతుంది, ఏది తన తప్పో పిల్లకు ఎప్పటికీ తెలియదు. చేతి తప్పుకు విరుగుడు తెల్ల కాగితం. టార్గెట్‌ను తిప్పి పెట్టి, గుండ్రం లేని వెనక వైపు మీద రోజూ మొదటి 20 గుండ్లు కొట్టించండి. చూడ్డానికి వేరే ఏమీ లేకపోతే కన్ను ముందు సైట్ మీదే నిలుస్తుంది.

ఎడమ కన్ను మూయడం మాన్పించండి. ఒక కన్ను బిగించి మూస్తే రెండోది కూడా అదురుతుంది, 75 నిమిషాల్లో 60 గుండ్లు కొట్టాల్సిన మ్యాచ్‌లో ముఖం అలిసిపోతుంది. కొట్టేటప్పుడు పెట్టుకునే అద్దాల్లో ఎడమదాని మీద పాలరంగు టేపు ముక్క అంటించండి, వెలుతురు వస్తుంది, బొమ్మ రాదు. లేదా 30 మిల్లీమీటర్ల వెడల్పు మించని పట్టీ టోపీకి కట్టుకోవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆమెకు బలమైన కన్ను ఏదో కూడా చూడండి. రెండు కళ్లు తెరిచి గోడ గడియారం వైపు వేలు చూపమనండి, తర్వాత ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉంటే వేలు గడియారం మీదే ఉంటుందో అది బలమైనది. అది ఎడమదైతే రెండు దారులు: టేపుతో కుడి కంటిని అలవాటు చేయడం, లేదా ఎడమ చేత్తో కొట్టడం. 13 ఏళ్లకు రెండోదీ కష్టం కాదు కానీ పిడి మార్చాలి, అంటే ఈ పిస్టల్ మీ ఇద్దరిదీ కాకుండా పోతుంది.

రెడ్ డాట్ మాటకు వస్తే, దుకాణపాయన అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. దానితో టార్గెట్ మీదే చూపు పెట్టొచ్చు, మీ వయసు కంటికి అది నిజంగా సుఖం. చుక్క సైజును ఎంవోఏ అనే కోణం కొలతలో చెబుతారు. 3 ఎంవోఏ చుక్క 10 మీటర్ల దగ్గర 9 మిల్లీమీటర్ల లోపే, పది గీతలో ఇముడుతుంది. 6 ఎంవోఏ అయితే 17 దాటుతుంది. అయితే 10 మీటర్ల పోటీల్లో ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధనల ప్రకారం ఓపెన్ సైట్లే, అంటే అద్దాలు లేని మామూలు గాడి, పలక సైట్లే వాడాలి, డాట్ పెట్టిన పిస్టల్‌ను సామాను తనిఖీలోనే ఆపేస్తారు. చాలా మ్యాచ్ పిస్టళ్లకు దాన్ని బిగించే పట్టాలే ఉండవు. కంటికి సిలిండర్ పవర్ (అస్టిగ్మాటిజం) ఉంటే చుక్క కామాలాగా సాగి కనిపిస్తుంది. దుకాణంలోనే ఫోన్ కెమెరాలోంచి చూడండి, కెమెరాకు గుండ్రంగా, మీకు సాగి కనిపిస్తే అది మీ కన్నే. పోటీల ఆలోచన లేకుండా ఆదివారం సరదాకే అయితే, మీకు వేరే చవక పిస్టల్ మీద డాట్ పెట్టుకోవడం మంచి దారే. బిడ్డ పిస్టల్ మీద మాత్రం వద్దు.

మీ ఇంటి పంచాయితీలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆమె చెయ్యి పొట్టిది. గాడి ఆమె కంటికి 50 సెంటీమీటర్లలో, ముందు సైట్ 82లో ఉందనుకోండి. అదే 4 మిల్లీమీటర్ల గాడిలో మీకు ఆరో వంతు సందు కనిపిస్తే ఆమెకు దాదాపు నాలుగో వంతు కనిపిస్తుంది. నల్ల గుండ్రం పక్కన ముందు సైట్ మీకు ఐదింట నాలుగు వంతులుంటే ఆమెకు ఇంచుమించు సమానంగా ఉంటుంది. ఒకే పిస్టల్, రెండు బొమ్మలు. పట్టు కూడా వేరు కాబట్టి జీరో, అంటే గుండు నడిమికి పోయేలా కుదిర్చిన సైట్ సెట్టింగ్, కలవదు. మీకు 5 మిల్లీమీటర్ల గాడిలో కనిపించే సందు ఆమెకు 4.6లోనే కనిపిస్తుంది.

వేరే పిస్టల్ కొంటే ఈ గొడవ ఉండదు, కానీ విదేశీ మ్యాచ్ పిస్టల్ కొత్తది లక్ష దాటుతుంది. బిడ్డ రెండేళ్లు నిలకడగా కొట్టాక ఆ ఖర్చు ఆమె కోసం పెట్టండి, ఇది మీకు మిగులుతుంది. అప్పటిదాకా పంచుకోవాలంటే ఒక కట్టుబాటు: పిస్టల్ ఎప్పుడూ బిడ్డ సెట్టింగ్‌లోనే పెట్టెలోకి పోవాలి. మీ తేడా క్లిక్కుల్లో (సైట్ స్క్రూ తిరిగేటప్పుడు టిక్కుమనే ఒక్కో మెట్టు) రాసుకోండి, పైకి ఇన్ని, కుడికి ఇన్ని, గాడి ఇన్ని. ఏ వైపు తిప్పితే ఎటు పోతుందో స్క్రూ మీది అక్షరాలను నమ్మకండి. ఐదు గుండ్లు కొట్టి, పది క్లిక్కులు తిప్పి, మరో ఐదు కొట్టి చూసి రాసుకోండి. వెనక్కి తిప్పేటప్పుడు మూడు క్లిక్కులు దాటించి మళ్లీ ముందుకు రండి. పాత స్క్రూలో వదులుంటుంది, ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చి ఆగితేనే లెక్క నిలుస్తుంది. సెకండ్ హ్యాండ్ పిస్టల్‌లో మరీ ముఖ్యం. ఇది విసుగనిపిస్తే రోజులు పంచుకోండి, సోమ బుధ శుక్రవారాలు ఆమెవి, ఆదివారం మీది. వారానికి ఒక్కసారే తిప్పుతారు కాబట్టి తప్పులూ తగ్గుతాయి. ఆమెకు పోటీ ఉన్న వారం మీరు దాన్ని ముట్టుకోకండి.

మీరు మానాలా అంటే, కన్ను వంకతో మానాల్సిన పని లేదు. డాక్టరు శుక్లం అంటే ఆపరేషన్ అయి పవర్ నిలకడపడేదాకా ఆగండి. ఇంటామెకు ఒక సంగతి చెప్పండి: గొట్టం లోపలి వెడల్పు (బోరు) 0.177 అంగుళాలు, గుండు శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు అక్కరలేదు. కొన్న కాగితం, ఆధార్ కాపీ పెట్టెలోనే ఉంచి, పెట్టెకు తాళం వేసి, గుండ్లు వేరే చోట పెట్టండి. క్లిక్కుల నోట్‌బుక్ కూడా ఆ పెట్టెలోనే, మొదటి పేజీ బిడ్డ చేత్తో రాయించి.